నలభై మైళ్ళ లోపు

మా అక్క యాభై ఆరో ఏట కారు కొంది.

అప్పటికి తను రాజమహేంద్రవరంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళుగా స్కూటరు మీదే కాలేజీకి వెళ్ళివచ్చేది. నేను తనకంటే ఆరేళ్ళు చిన్న. నిడదవోలులో మాకు మందుల షాపు ఉంది. నేనూ మా ఆయనా చూసుకుంటాం. ఆదివారం పొద్దున్నే రైలెక్కి గోదావరి దాటి అక్క దగ్గరికి వెళ్ళడం, ఇద్దరం వండుకుని తిని కబుర్లు చెప్పుకోవడం, సాయంత్రం తిరిగి రావడం నాకు పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు.

ఆ ఆదివారం వెళ్ళేసరికి అక్క ఇంటి ముందు లారీ ఆగి ఉంది. నలుగురు మనుషులు చెక్కపలకల మీదుగా ఒక కారును మెల్లగా దించుతున్నారు. రెండే సీట్లు. పైన కప్పు లేదు, చిరిగిన గుడ్డ టాపు వెనక్కి మడిచి ఉంది. పొడుగాటి ముందుభాగం. కూర్చుంటే నేలకు జానెడెత్తులో ఉంటామేమో అనిపించేంత పొట్టి బండి. విదేశంలో చేసిన స్పోర్ట్స్ కారట. నాకంటే వయసులో పెద్దది. అక్క దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి జంగారెడ్డిగూడెంలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే, వెళ్ళిన అక్క వాళ్ళ పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో తాటాకుల కింద దీన్ని చూసింది. ఆ పిల్ల తాతగారు ఒకప్పుడు నడిపిన బండి. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు.

నడుస్తుందా అని అడిగాను. ఇప్పుడు నడవదు, ఇంజన్ పట్టేసింది అంది అక్క, అదేదో మంచి వార్త అయినట్టు. సీటు కింద ఎలుకలు పెట్టిన గూడు కూడా చూపించింది. నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో ఇదేం పిచ్చి అన్నాను. అక్క నవ్వి, ఆ లారీవాళ్ళకి మజ్జిగ ఇవ్వమంది.

ఇంజన్ పని చేసిన మేస్త్రీ గారిది ధవళేశ్వరం. చేపలు పట్టే కుటుంబం. ఆయన తండ్రి వలలు వేస్తే, ఈయన ఆ వలల పడవలకు ఇంజన్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. ఏటిగట్టు పక్కన రేకుల షెడ్డు. ఊళ్ళో కార్ల మెకానిక్కులందరూ చూసి, సామాను దొరకదండి అని చేతులెత్తేశాక అక్క ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, ఇంజన్ అంటే ఎక్కడైనా ఇంజనేనండి మేడం గారూ, టైము మాత్రం అడక్కండి అన్నాడట.

పద్నాలుగు నెలలు పట్టింది. సిలిండర్లకి బోరు కొట్టించడం, క్రాంకు సాన పట్టించడం, పిస్టన్లు విదేశం నుంచి తెప్పించడం, దొరకని గాస్కెట్లు రాగిరేకు కోసి చేతితో చేయడం. కాలేజీ అవగానే అక్క ఆ షెడ్డుకి పోయేది. పాత చుడీదారు వేసుకుని, స్టూలు మీద కూర్చుని, విప్పిన ప్రతి ముక్కనీ కిరసనాయిలుతో కడిగి, దేనికది చీటీ కట్టి పళ్ళెంలో పెట్టేది. ఆదివారాలు నన్నూ అక్కడికే రమ్మనేది. నేను క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. ముగ్గురం షెడ్డులోనే తినేవాళ్ళం. అక్క అంత సంతోషంగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, నా ఆదివారాలన్నీ ఈ ఇనుము తినేస్తోందని కోపంగా ఉండేది.

ఒక ఆదివారం అక్క చేతిలోంచి పానా జారిపడింది. తీసి మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది అంది. తర్వాత కొన్ని వారాలకు, బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క నిలవడం లేదని ఫోనులో మాటల మధ్యలో అంది. బి విటమిన్ మాత్రలు పంపాను. హైదరాబాద్ వెళ్ళి చూపించుకుంటానంటే, నేను కూడా వస్తానన్నాను. అక్కర్లేదు, కాలేజీ పని కూడా ఉంది అంది.

వెళ్ళొచ్చిన మర్నాడు ఫోనుకి ఒక ప్రిస్క్రిప్షన్ ఫొటో పంపింది. కింద ఒకటే వాక్యం: ఈ మాత్రలు తెప్పించగలవా?

షాపులో జనం ఉన్నారు. నేను ఆ పేరు చదివి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ మాత్ర నా చేతుల మీదుగా అంతకుముందు ఒక్కరికే వెళ్ళింది, తాడేపల్లిగూడెం నుంచి వచ్చే ఒక రిటైరైన మాస్టారికి. మొదట ఆయనే వచ్చేవారు. తర్వాత కర్రతో వచ్చారు. తర్వాత కోడలు వచ్చింది. ఏడాదిన్నర తర్వాత ఇంకెవరూ రాలేదు. నరాలు ఒక్కొక్కటే చచ్చి, కాళ్ళూ చేతులూ, తర్వాత మాటా, చివరికి ఊపిరీ పోయే జబ్బు అది. ఆ మాత్ర దాన్ని కొంచెం ఆలస్యం చేస్తుంది, అంతే.

పనిరోజైనా వెంటనే రైలెక్కాను. అక్క షెడ్డులో ఉంది. పిస్టన్లు అంతకు ముందురోజే వచ్చాయి. ఒకటి తువ్వాలులో పెట్టుకుని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.

"నోటితో చెప్పడం ఇష్టంలేక అలా పంపానే," అంది. "చీటీ చూస్తే నీకు ఎలాగూ తెలిసిపోతుంది కదా."

మేస్త్రీ గారు లేచి ఏటి వైపు వెళ్ళిపోయాడు. నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. నా ఏడుపు తగ్గేదాకా ఆగి, ఇంజన్ తయారయ్యేసరికి నా చేతులు దీనికి సరిపోవు, నువ్వు నడపాలి అంది. ఆ మాటకి నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. అమ్మెయ్యి అన్నాను. నా ముందు ఇంక దీని మాట ఎత్తకు అన్నాను. అక్క పిస్టన్ని తువ్వాలులో చుట్టి బల్ల మీద పెట్టి, సరే, అన్నం తిన్నావా అని అడిగింది.

మామిళ్ళు పూతకొచ్చిన రోజుల్లో ఇంజన్ లేచింది. అక్క అప్పటికే కాలేజీ మానేసింది. ఎడమచెయ్యి ఒళ్ళో పడి ఉండేది, కుడిచెయ్యి కొంచెం లేచేది. మేస్త్రీ గారు తాళం తిప్పమంటే, అక్క వేళ్ళ మీద నా వేళ్ళు పెట్టి తిప్పాను. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. అక్క కళ్ళు మూసుకుని వింది. నాకు మాత్రం అది ఒట్టి చప్పుడే.

మేస్త్రీ గారు నాకు ఎదురుగా నిలబడి, బడిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"అమ్మగారూ, ఇది కొత్త బోరండి. వెయ్యి మైళ్ళు తిరిగేదాకా నలభై దాటకూడదు. మీటరు సున్నాకి తిప్పాను, మైళ్ళలో ఉంటుంది, కిలోమీటర్లు అనుకోకండి. పాత లారీల్లాగే డబుల్ క్లచ్ కొట్టాలి. తొందర పడకూడదండి."

అక్క తన నుదుటి బొట్టుబిళ్ళ తియ్యమని, మీటరు అద్దం మీద నలభై అంకె దగ్గర నాచేత అతికించింది.

నాకు కారు నడపడం వచ్చు. మా చిన్న కారు పదేళ్ళుగా నడుపుతున్నాను. కానీ ఆ బండి ముందు నాకు వచ్చిందంతా పనికిరాకుండా పోయింది. స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు లాగేవి. క్లచ్ తొక్కి తొక్కి ఎడమమోకాలు వాచేది. గేరు మార్చాలంటే క్లచ్ తొక్కి, న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, కిందికి మారేటప్పుడు కొంచెం ఎక్సిలేటర్ ఇచ్చి, మళ్ళీ తొక్కి అప్పుడు వెయ్యాలి. నేను వేస్తే కరకరమని పళ్ళు నూరినట్టు చప్పుడొచ్చేది. ధవళేశ్వరం బ్యారేజీ మీద మూడుసార్లు ఆగిపోయింది. వెనక బస్సులు హారన్ కొడుతుంటే, కప్పు లేని బండిలో యాభై దాటిన ఆడమనిషిని, తలకి చున్నీ కట్టుకుని, చెమటలు కారుతూ కూర్చున్నాను. పక్కన అక్క తాపీగా, క్లచ్, వదులు, ఇప్పుడు, మళ్ళీ తొక్కు అని చెబుతూనే ఉంది. మోటారు సైకిళ్ళవాళ్ళు పక్కకి వచ్చి షూటింగా అండీ అని అడిగి పోయేవారు.

ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం. అక్కని ఎత్తి ఆ లోతు సీట్లో కూర్చోబెట్టి, నడుముకి దిండు పెట్టి, బెల్టు కట్టేదాన్ని. కాలువగట్టు వెంట కడియం దాకా, పూలతోటల మధ్య నుంచి తిరిగి ఇంటికి. ముప్ఫై, ముప్ఫై అయిదు. నలభై దగ్గరికి ముల్లు పోతే కాలు తీసేసేదాన్ని. దించాక అక్క కాళ్ళు వత్తి, మీటరు ఎన్ని మైళ్ళు తిరిగిందో చూసి చెప్పేదాన్ని.

"నువ్వు దీన్ని మందు వేసినట్టు నడుపుతున్నావే," అంది ఒకరోజు. అప్పటికి తన మాట ముద్దగా రావడం మొదలైంది. "భోజనం తరవాత ఒకటి, రాత్రికి ఒకటి."

"మరెలా నడపమంటావు?"

"ఏమో. నాకు చేతులుంటే చూపించేదాన్ని."

అక్క నవ్వింది. నేను నవ్వలేకపోయాను. తన కోసం నేను ఇష్టంలేని పని ఇంత శ్రద్ధగా చేస్తుంటే, ఇంకా ఏదో తక్కువైందంటుందేమిటని లోపల నొచ్చుకున్నాను.

వేసవి ముదిరాక ఒక పొద్దున్న, వేమగిరి దాటి హైవే ఎక్కాం. ఎండ ఇంకా రాలేదు. రోడ్డు ఖాళీగా, కనుచూపు మేర తిన్నగా ఉంది. మీటరు ఆరువందల చిల్లర చూపిస్తోంది. ముప్ఫై ఎనిమిదిలో పోతున్నాం. లారీలు కూడా మమ్మల్ని దాటిపోతున్నాయి.

"ఒక్కసారి తొక్కవే," అంది అక్క.

నాకు సరిగా వినపడలేదనుకుని మళ్ళీ అంది. ఒక్కసారి. అదిగో ఆ వంతెన దాకా.

"ఇంకా నాలుగొందల మైళ్ళు ఉందక్కా. మేస్త్రీ గారు చెప్పారుగా. ఇంజన్ పాడైతే మళ్ళీ ఎవరు చేస్తారు?"

అక్క ముఖం రోడ్డు వైపే ఉంది. నేను ముప్ఫై అయిదుకి తగ్గించాను. వంతెన వచ్చింది, వెళ్ళిపోయింది. ఆ తర్వాత అక్క నన్ను మళ్ళీ అడగలేదు. నాలుగొందల మైళ్ళు అంటే ఆదివారాల్లో ఎన్ని నెలలో, అన్ని నెలలు తనకు ఉన్నాయో లేవో, ఫిజిక్స్ చెప్పే మనిషికి తెలియదా? మాత్రలు అమ్మే నాకు తెలియదా? తెలిసే, ఇద్దరం నోరు మూసుకుని ఇంటికి వచ్చాం.

ఇంకో మూడు ఆదివారాలు వెళ్ళాం. నాలుగో వారం అక్కని సీట్లో కూర్చోబెడితే మెడ నిలవలేదు. మొదటి మలుపులోనే తల నా భుజం మీద వాలిపోయింది. అలాగే ఒక చేత్తో తలని ఆపుకుంటూ వెనక్కి తెచ్చాను. అంతే, అక్క మళ్ళీ కారెక్కలేదు.

షాపు మా ఆయనకి వదిలి, నేను అక్క ఇంటికి వచ్చేశాను. పొద్దున పూట సాయానికి ఒకావిడని పెట్టుకున్నాం. వానలు మొదలయ్యేసరికి అక్క మాట పూర్తిగా పోయింది. కానీ అది పోతుందని తెలిసి, మాట ఉండగానే ఒక పలక తయారు చేయించింది. అక్షరాలు వరుసలుగా ఉంటాయి. నేను వేలు పెట్టి చూపిస్తూ పోతే కావలసిన దగ్గర రెప్ప వేస్తుంది. గుణింతాలు, వత్తులు తీసేయించింది. అవి నువ్వే పూరించుకో, లేకపోతే ఒక్క మాటకి పూట గడుస్తుంది అంది.

ఒకరోజు క, ర అంది. కారు. బండి రెండు నెలలుగా వాకిట్లో పట్టా కింద ఉంది. నేను తల అడ్డంగా ఊపాను. అక్క మళ్ళీ క, ర అంది. సాయానికి వచ్చే ఆవిడ, నేనున్నానుగా అండి, వెళ్ళిరండి అంది. వెళ్ళి తిప్పుకొస్తే తప్ప ఊరుకోదని తాళం తీసుకున్నాను.

ముందురోజు రాత్రంతా కురిసి తెరిపిచ్చింది. కాలువ నిండుగా ఉంది. రోడ్డు తడి. పక్క సీటు ఖాళీ. ఎవరూ క్లచ్, వదులు అని చెప్పడం లేదు. కడియం ఇంకా రాకుండా ఒక మలుపు ఉంది, అక్కడ ఎప్పుడూ మూడు నుంచి రెండుకి మార్చేటప్పుడు నాకు చప్పుడొచ్చేది. ఆరోజు మలుపులోకి వెళ్ళి బయటికి వచ్చాక గాని నేను గేరు మార్చానని నాకే తెలియలేదు. కాలూ చెయ్యీ వాటంతటవే చేసుకుపోయాయి. గేరు మెత్తగా పడింది. ఇంజన్ గొంతు కొంచెం పైకెక్కి, బండి నా నడుము పట్టుకుని మలుపు తిప్పినట్టుగా తిరిగింది. నేను పైకే నవ్వాను. వెనక్కి వెళ్ళి ఆ మలుపు మళ్ళీ తిరిగాను. మూడోసారి కూడా తిరిగాను. నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెడుతున్నాయన నిలబడి చూశాడు. నలభై లోపే ఉండి ఉంటుంది. అసలు మీటరు వంక చూడనే లేదు. తడిమట్టి వాసన, పూలవాసన, పెట్రోలు వాసన కలిసి ముఖానికి కొడుతున్నాయి. తిరగాల్సిన దగ్గర తిరక్కుండా ఇంకా ముందుకు వెళ్ళిపోయాను.

ఎక్కడో రోడ్డు పక్కన ఆపి నీళ్ళు తాగుతుంటే గుర్తొచ్చింది. గంటకు పైగా నాకు అక్క గుర్తే రాలేదు.

ఇంటికి వచ్చి బండి మీద పట్టా కప్పి, ముఖం కడుక్కుని లోపలికి వెళ్ళాను. ఎలా ఉంది అన్నట్టు అక్క చూసింది. ఏముంది, రోడ్డంతా గుంటలు, నువ్వు లేకపోతే ఏం బాగుంటుంది, తిప్పాలి కాబట్టి తిప్పాను అన్నాను. అక్క కళ్ళు పలక వైపు తిరిగాయి. తీసి పట్టుకున్నాను.

అ. బ. ద.

నాకు అక్కడికే అర్థమైంది. అబద్ధం. పలక దింపేసి మంచం పట్టె మీద కూర్చున్నాను. అక్క కళ్ళు నన్ను వదలడం లేదు. సరే అని చెప్పడం మొదలుపెట్టాను. మలుపు సంగతి చెప్పాను. గేరు పడ్డప్పుడు అరిచేతికి ఎలా తెలిసిందో, ఇంజన్ ఎక్కడ గొంతు మార్చిందో, మూడుసార్లు వెనక్కి తిరిగానని, నవ్వానని, నిన్ను మరిచిపోయానని కూడా చెప్పాను. ఆ చివరి మాట చెప్పేటప్పుడు తన వంక చూడలేకపోయాను. చూసేసరికి అక్క కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడిచాను. అవి ఏం కన్నీళ్ళో నేను చెప్పలేను. సంతోషమనుకుంటే నాకు బాగుంటుంది. కానీ తనకి ఎంతో ఇష్టమైన దాన్ని నేను తీసుకున్నాననే బాధ కూడా అందులో లేదని ఎలా అనుకోను? పలక మళ్ళీ ఎత్తితే మ, ళ అంది. మళ్ళీ చెప్పమందో, మళ్ళీ వెళ్ళమందో. రెండూ చేశాను.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. వచ్చి చెప్పేదాన్ని. కార్తీకం వెళ్ళాక అక్కకి గుండెల్లో నెమ్ము చేసింది. ఆసుపత్రిలో మూడు రోజులుంది. మూడోరోజు పొద్దున్న పోయింది. నేను కాఫీ తాగడానికి కిందికి వెళ్ళాను. వచ్చేసరికి అయిపోయింది.

నెల దాటాక కారును ఆయిల్ మార్పించడానికి ధవళేశ్వరం తీసుకెళ్ళాను. మేస్త్రీ గారు బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు విని, బాగా కుదిరిందండి ఇంజను, మీరు చక్కగా నడిపారు అన్నాడు. నేను ఆరోజు హైవే సంగతి ఆయనకి చెప్పాను. ఒక్కసారి తొక్కి ఉంటే ఏమయ్యేదని అడిగాను.

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఒక్కసారికి ఏం అవదండి అమ్మగారూ. నిజం చెప్పాలంటే మధ్యమధ్యలో కాస్త తొక్కితే పిస్టన్ రింగులు ఇంకా బాగా కూర్చుంటాయి. మీరు అప్పుడే నేర్చుకుంటున్నారు కదాని, నేనే అంత గట్టిగా చెప్పాను." గుడ్డ భుజాన వేసుకుని, "ఒక ఫోను కొట్టి అడిగుంటే చెప్పేవాణ్ణి," అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. మింగలేని ముసలివాళ్ళకి మాత్ర సగం చేసి వేసుకోవచ్చా అని నా షాపులో రోజుకి పదిమంది అడుగుతారు. కొన్నిటికి వద్దంటాను, కొన్నిటికి ఫరవాలేదండి అంటాను. అడిగితే చెప్పడానికి మనిషి ఉంటాడని నాకు తెలియని సంగతి కాదు. ఆరోజు ఫోను నా సంచిలోనే ఉంది. బండి పక్కకి ఆపి అడగొచ్చు. ఆ ఆలోచనే రాలేదు. రూలు పాటించడమే ప్రేమ అనుకున్నాను. ఇది తలుచుకోని రోజు లేదు.

వెయ్యో మైలు ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. ఇంటికి వచ్చాక మీటరు వెయ్యీ పదకొండు చూపించింది. మా ఆయన రెండుసార్లు ఎక్కి, నడుం పట్టేసిందని మళ్ళీ ఎక్కలేదు. నేను ఇప్పటికీ ఆదివారాలు రైల్లోనే అక్క ఇంటికి వెళ్ళి, కారు తీస్తాను. అమ్మెయ్యమని చాలామంది అన్నారు. ఒకప్పుడు నేనూ అన్న మాటే కాబట్టి వాళ్ళ మీద కోపం రాదు. కొన్ని రోజులు బాగుంటుంది, చాలా బాగుంటుంది. కొన్ని రోజులు ఊరి పొలిమేర కూడా దాటకుండా వెనక్కి తిప్పేస్తాను.

మొన్న వానాకాలంలో బ్యారేజీ దాటాక హఠాత్తుగా వాన అందుకుంది. కొత్తగా వేయించిన టాపు ఒక్కదాన్నే లాగలేక తడుస్తుంటే, టీ కొట్టులోంచి భార్యాభర్తలిద్దరూ వచ్చి చెరో పక్కా పట్టుకున్నారు. గుండీలన్నీ పెట్టాక ఆవిడ చేతులు విదిలించుకుంటూ అడిగింది.

"ఎవరిదండీ బండి?"

"మా అక్కదండి."

"ఆవిడ నడపరా?"

"నడపదండి."

ఆవిడ లోపలికి పిలిచి టీ ఇచ్చింది. వాన తగ్గేలా లేదని తాగి లేచాను. టాపు కింద కూర్చుంటే నెత్తి మీద చినుకుల చప్పుడు, ముందు ఇంజన్ చప్పుడు, చుట్టూ ఏమీ కనపడని తెల్లదనం. మెల్లగా రెండో గేరులో గట్టు వెంట పోనిచ్చాను. దగ్గర దారి ఉందని తెలుసు. అటు తిప్పలేదు.